ఆ కిచెన్ లైట్ల మెసేజ్ ఇక ఫార్వర్డ్ చేయకండి

"రెండు వేలలో కిచెన్ లైటింగ్ మొత్తం, ఎలక్ట్రీషియన్ లేకుండా" అనే వాట్సాప్ మెసేజ్ బెంగళూరులోని మా మారతహళ్ళి అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులో మళ్ళీ తిరుగుతోంది. ఊరి నుంచి పిన్ని కూడా అదే పంపింది. కిచెన్ పని మొదలుపెట్టిన పక్క బ్లాక్ వాళ్ళైతే అది చూసి లైట్లు కొనడానికి ఎస్పీ రోడ్డు బజారుకి బయల్దేరుతున్నారు, అందుకే రాయాల్సి వస్తోంది.

"వాట్లు ఎక్కువైతే వెలుతురు ఎక్కువ" అట. వాట్లు లైటు తినే కరెంటు లెక్క, వెలుతురు లెక్క ల్యూమెన్లు. డబ్బా మీద ల్యూమెన్లు రాసి ఉంటాయి, అవి చూసి కొనండి. అంతే.

"సీలింగ్ మధ్యలో ఒక పెద్ద లైటు చాలు." చాలదు. మనం గట్టు వైపు తిరిగి నిలబడతాం, లైటు వీపు వెనక ఉంటుంది, కూరగాయలు తరిగే చోటే మన నీడ పడుతుంది. పై అల్మరాల కింద, ముందు అంచు దగ్గర చిన్న లైటు పెడితే ఆ నీడ పోతుంది.

"6500కె (కెల్విన్, లైటు రంగు లెక్క) తెల్ల లైటే కిచెన్‌కి మంచిది." ఎవరు చెప్పారు? ఉల్లిపాయలు ఎర్రగా వేగాయో మాడుతున్నాయో తెలియాలంటే సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 దాటిన లైటు కావాలి, అది 4000కెలో కూడా దొరుకుతుంది.

ఇక అసలు ప్రమాదం. "డ్రైవర్ (230 వోల్టుల్ని 12కి తగ్గించే డబ్బా) ఖర్చు దండగ, నేరుగా 230 వోల్టుల రోప్ లైటు (తాడులా పొడవాటి ప్లాస్టిక్ గొట్టంలో వచ్చే లైటు) కొని, కావాల్సినంత కత్తిరించి, సింకు పైన అంటించి, మిక్సీ ప్లగ్గు నుంచి వైరు లాగండి. ఎమ్‌సీబీ (కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్చు) ఉంది కాబట్టి భయం లేదు." ఇది రాసినవాళ్ళు తడి చేత్తో ఒక్కరోజైనా గిన్నెలు తోమారా? ఆ రోప్ లైటు పొడవునా లోపల రాగి తీగల్లో మెయిన్స్ కరెంటే, అంటే ఇంటికి వచ్చే 230 వోల్టులే ఉంటుంది, కత్తిరించిన చివర దానికి తగిన మూత బిగించకుండా టేపు చుట్టి వదిలేస్తే ఆవిరికీ నూనెకీ ఆ టేపు ఊడుతుంది, పైన తుడవబోయిన చెయ్యి నేరుగా తీగకి తగులుతుంది. 6 లేదా 10 ఆంపియర్ల ఎమ్‌సీబీ ఓవర్‌లోడు కోసం, షార్ట్ సర్క్యూట్ కోసం. మనిషి ప్రాణం పోవడానికి ఆంపియర్‌లో పదో వంతు చాలు, అంత చిన్న కరెంటుకి ఎమ్‌సీబీ కదలను కూడా కదలదు! దానికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కొంచెం కరెంటు లీకైనా వెంటనే ఆపేసే స్విచ్చు) ఉండాలి, పాత అపార్ట్‌మెంట్లలో చాలా చోట్ల అది లేనే లేదు. అమ్మమ్మలూ పనివాళ్ళూ తిరిగే చోట మూడు నాలుగు వందలు మిగుల్చుకోవడానికి ఈ సలహానా? 12 వోల్టుల స్ట్రిప్ (అంటించే ఎల్ఈడీ పట్టీ), మంచి డ్రైవర్ తీసుకోండి. డ్రైవర్‌ని నీళ్ళకీ స్టవ్వుకీ దూరంగా పెట్టండి. స్ట్రిప్ అంటించడం వరకు ఎలక్ట్రీషియన్ అక్కర్లేదన్నది నిజమే, మెయిన్స్ వైరు జోలికి మాత్రం మీరు వెళ్ళకండి.

ఆ మెసేజ్‌లో ఒక్క మాట మాత్రం పూర్తిగా ఒప్పుకుంటాను: ఫాల్స్ సీలింగ్ అక్కర్లేదు. ఇంటీరియర్ వాళ్ళు ఎంత ఒత్తిడి పెట్టినా వద్దనండి. పాత ట్యూబ్‌లైటు జాగాలో 20 వాట్ల ఎల్ఈడీ బ్యాటెన్ బిగిస్తే దాదాపు 2000 ల్యూమెన్లు వస్తాయి, చిన్న కిచెన్‌లో పై వెలుతురుకి అది సరిపోతుంది. అక్కడ మిగిలిన డబ్బుతో ముందు ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. రోప్ లైటు ఇప్పటికే అంటించినవాళ్ళు ఇవాళే ప్లగ్గు పీకి, మెయిన్ ఆపి, దాన్ని తీయించేయండి.