ఇత్తడి బాకా మోజు, ప్లేట్లకు చేటు

ఇక్కడ అమెరికాలో మన ఉగాది, సంక్రాంతి వేడుకల్లో వేదిక పక్కన అలంకారానికి ఒక ఇత్తడి బాకా గ్రామఫోన్ పెట్టడం ఆనవాయితీ అయిపోయింది. ఫొటోలు దిగడానికైతే సరే. దాని మీద తాతగారి నాటి నాటక పద్యాల ప్లేటు మాత్రం పెట్టకండి. అసలు ఆ యంత్రాన్ని కొనకండి అనే మా సలహా.

ఎనిమిది పలకల చెక్కపెట్టె, తళతళలాడే పల్చటి బాకా, ముందు కుక్క బొమ్మతో హెచ్ఎంవీ బిళ్ల ఉన్నదంటే అది దాదాపుగా ఈ మధ్య ఇండియాలో అతుకులేసినదే. పాత పోర్టబుల్ మోటారును కొత్త పెట్టెలో బిగిస్తారు. సూది ఉన్న చేయి, అంటే టోన్ ఆర్మ్, కీలు వదులుగా ఉంటుంది; దాని కొసన సూదిని పట్టుకుని శబ్దం పుట్టించే డబ్బీ, అంటే సౌండ్ బాక్సు, బిర్రబిగుసుకుని ఉంటుంది. సూది గాడి వెంట పక్కలకు కదల్లేక గాడి గోడల్ని చెక్కుతూ పోతుంది. ప్లేటు మీద బూడిదరంగు జాడ కనిపించిందంటే పద్యం కొంత పోయినట్టే. ఇంకో గుర్తు: అమెరికాలో ఆ కుక్క బొమ్మ విక్టర్ కంపెనీది. ఇక్కడి పాత ఇంట్లోంచి వచ్చిందని చెప్పే యంత్రం మీద హెచ్ఎంవీ అని ఉంటే, ఎలా వచ్చిందని అడగాల్సిందే.

ఇక్కడున్నవాళ్లు వెతకాల్సింది మూత ఉన్న విక్ట్రోలా, అంటే విక్టర్ కంపెనీ గ్రామఫోన్. బాకా పెట్టె లోపలే ఉంటుంది కాబట్టి ఫొటోకు అంత అందం రాదు, ధర తక్కువగా ఉండటానికీ అదే కారణం. నిలువు పెట్టెల్లో వీవీ-11 తరచుగా దొరుకుతుంది. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు 1931లో వచ్చిన హెచ్ఎంవీ 102 పోర్టబుల్‌ను మించింది లేదు. ఎడిసన్ డైమండ్ డిస్క్ యంత్రం ఎంత ముచ్చటగా ఉన్నా వద్దు. దాని గాడిలో సూది పైకీ కిందికీ కదులుతుంది, మన ప్లేట్లలో పక్కలకు కదలాలి. ఒకదాని ప్లేటు ఇంకోదాని మీద పెడితే రెండూ పాడవుతాయి.

కొనేముందు నాలుగైదు చుట్లు మాత్రమే కీ ఇచ్చి చెవి పెట్టండి. తిరుగుతుండగా లోపల ధన్‌మని చప్పుడొస్తే గ్రీజు గట్టిపడి స్ప్రింగు చుట్లు అంటుకున్నాయని అర్థం, అది బాగుచేసుకోవచ్చు. సౌండ్ బాక్సు వెనక రబ్బరు గోటితో నొక్కండి. రాయిలా ఉంటే మార్చాలి, అదీ మామూలే. భయపడాల్సింది పాట్ మెటల్‌కు. ఈ జింక్ మిశ్రమం ఏళ్లు గడిచేకొద్దీ ఉబ్బి పగుళ్లిస్తుంది, మరలు పట్టేస్తాయి. టోన్ ఆర్మ్ బ్రాకెట్‌లో పగులు కనిపిస్తే బేరం ఆపేయండి.

మోటారు విప్పేముందు కీ పూర్తిగా దిగిపోయేదాకా తిరగనివ్వాలి. కీ ఉండగా వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్‌ను ఊడదీస్తే పట్టుకునేదేమీ ఉండదు, గేర్లు విజృంభించి పళ్లు విరుగుతాయి, వేళ్లూ దక్కవు. కీ దిగినా డబ్బాలోని స్ప్రింగు ఊరుకోదు. అంగుళం వెడల్పు, పదడుగులకు పైబడిన ఉక్కు పట్టీ అది, చుట్ట విప్పుకుని మీదికి ఎగురుతుంది. మందపాటి తోలు గ్లోవ్స్, కళ్లద్దాలు లేకుండా దాని జోలికి పోవద్దు. ధైర్యం చాలకపోతే ఆ డబ్బా ఒక్కటీ తెలిసినవాళ్లకు పంపడం మేలు. పాత గ్రీజును కిరసనాయిలుతో కడిగి, తుడిచి, కొత్త గ్రీజు పల్చగా పట్టించాలి. కూరితే మళ్లీ అదే కథ. మిగతా ఇరుసులకు కుట్టుమిషన్ నూనె ఒక్కో చుక్క చాలు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టేసి పనైపోయిందనుకోకండి, అది ఆరిపోయాక మోటారు ఎండుగా తిరుగుతుంది.

గవర్నర్‌కు మూడు గుండ్లు, వాటిని పట్టి ఉంచే పల్చటి రేకులు ఉంటాయి. వేగం పెరిగితే గుండ్లు విచ్చుకుని ఒక బిళ్లను లాగుతాయి, అది చిన్న తోలు మెత్తకు ఒరుసుకుని వేగం తగ్గుతుంది. ఆ మెత్తకు ఒక చుక్క నూనె పడాలి. రేకు విరిగిందా లేదా అన్నది పద్యం చివరి రాగమే చెప్పేస్తుంది: నిలబెట్టిన షడ్జం ఊగుతుంటే తప్పు గాయకుడిది కాదు.

సౌండ్ బాక్సులో అభ్రకం బిళ్ల (మన గూడూరు గనుల్లో దొరికే ఖనిజమే) రెండు రబ్బరు గొట్టాల మధ్య కూర్చుంటుంది. కొత్త గొట్టాన్ని కొసలు రెండూ సరిగ్గా తాకేట్టు కోయాలి. సందు ఉంటే గాలి పోతుంది, ఒకదానిమీదొకటి ఎక్కితే బిళ్ల వంగి గరగరమంటుంది. సూది పుల్లను బిళ్లకు బిగించే చిన్న మర దగ్గర తేనెమైనం చుక్క వేయాలి. పుల్ల తేలిగ్గా కదలాలి కానీ లొటలొటలాడకూడదు.

వేగం సరిచూసేటప్పుడు మనవాళ్లకు మాత్రమే వచ్చే చిక్కొకటుంది. తిరిగే ప్లేటు మీద పెట్టి కరెంటు దీపం కింద చూస్తే, వేగం సరిగ్గా ఉన్నప్పుడు గీతలు కదలకుండా నిలిచినట్టు కనిపించేది స్ట్రోబ్ బిళ్ల. ఇండియా నుంచి తెచ్చుకున్న దానిలో 77 గీతలుంటాయి, అది సెకనుకు 50 సైకిళ్ల కరెంటుకు చేసింది. అమెరికాలో 60 సైకిళ్లు. ఆ గీతలు నిలిచి కనిపించే సమయానికి ప్లేటు నిమిషానికి 78 చుట్లకు బదులు 93 దాటి తిరుగుతుంటుంది, మగ గొంతు చిన్నపిల్లాడి గొంతవుతుంది. ఇక్కడ 92 గీతల బిళ్ల కావాలి. చాలా ఎల్ఈడీ దీపాల కింద ఏ బిళ్లా పనిచేయదు. ప్లేటు కింద కాగితం ముక్క పెట్టి, సూది ఆనించి, అర నిమిషానికి 39 చుట్లు లెక్కపెట్టడం అన్నిటికన్నా సులువు.

ఉక్కు సూది ప్లేటు ఒక వైపుకే. ప్లేటులో లక్కతో కలిసిన రాతిపొడి సూదిని అరగదీసి గాడి ఆకారానికి తెస్తుంది. అరిగిన సూదిని రెండో వైపుకు వాడితే అదే ఉలి అవుతుంది. ప్లేటును స్పిరిటుతో తుడవకండి, లక్క కరిగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్, రెండు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తని బ్రష్షు, లేబుల్ తడవకుండా. ఎల్పీలు దీని మీద పెట్టే మాటే వద్దు.

బాగుచేసిన విక్ట్రోలా సౌండ్ బాక్సు కూడా వంద గ్రాములకు పైగా బరువుతో గాడి మీద కూర్చుంటుంది. అందుకే ఇంకో ప్రతి దొరకని ప్లేటును దీని మీద తిప్పొద్దంటాం. రంగస్థల నటుడు కపిలవాయి రామనాథశాస్త్రి గారి పద్యాలు, గాయని రావు బాలసరస్వతీదేవి గారి తొలి పాటలు ఎవరింట్లోనైనా ఉంటే ముందు డిజిటైజ్ కావాలి. వేదికల అలంకారానికి పెట్టే ఖర్చులో కొంతతో ప్రతి తెలుగు సంఘమూ 78 వేగమున్న ఎలక్ట్రిక్ టర్న్‌టేబుల్ ఒకటి కొనవచ్చు. దానికి ఎల్పీ సూది పనికిరాదు, 3 మిల్లుల (మిల్లు అంటే అంగుళంలో వెయ్యో వంతు) సూది విడిగా తెప్పించాలి. గరగర తీసేయకుండా ఒక వేవ్ ఫైలు యథాతథంగా దాచాలి, శుభ్రం చేసింది వేరే ఉంచుకోవచ్చు. ప్రతి ఫైలుతో పాటు లేబుల్ ఫొటో, లేబుల్ అంచున ప్లేటు మీద అచ్చుపడిన మ్యాట్రిక్స్ నంబరు, అంటే ఆ రికార్డింగు గుర్తింపు సంఖ్య, రాసుకోవాలి. లేబుల్ చిరిగిపోయిన ప్లేటును గుర్తుపట్టడానికి ఆ నంబరే ఆధారం.