‘ఆ బాటిల్ ఏ లాట్‌ది?’

ఆర్గానోమెటాలిక్ కెమిస్ట్రీ సదస్సులో భోజనాలయ్యాక పోస్టర్ల హాల్లో జనం పలచగా ఉన్నారు. వరసగా నిలబెట్టిన బోర్డుల్లో ఒకదాని పక్కన ఒక పరిశోధక విద్యార్థిని నిలబడి ఉంది. కోబాల్ట్ సాయంతో రెండు అణువుల ముక్కలను అతికించే కప్లింగ్ రియాక్షన్ ఆమె పని. తను చేస్తే రావాల్సిన సరుకులో ఎనభై శాతం దాకా వస్తోంది, అదే ల్యాబులో జూనియర్ చేస్తే ఇరవై దాటడం లేదు. ఆ సంగతి పోస్టర్ మీద లేదు. అడిగితే గొంతు తగ్గించి చెప్పింది. ఎదురుగా టీ కప్పు పట్టుకుని నిలబడ్డ పెద్దాయన ఫలితాల పట్టిక జోలికే పోలేదు. “ఆ కోబాల్ట్ బాటిల్ ఏ లాట్‌దమ్మా? ఇద్దరూ ఒకటే వాడుతున్నారా?” అన్నారు. లాట్ అంటే కంపెనీ ఒకేసారి తయారుచేసిన సరుకు. ఆమె కాస్త ఆలోచించి, “లేదు సార్, మా జూనియర్‌ది కొత్తగా తెప్పించింది” అంది. “అయితే రెండూ ఐసీపీకి పంపించు. నికెల్ ఎంతుందో చూడు.” ఏ లోహం జాడ ఎంతుందో కొలిచే పరీక్ష ఐసీపీ.

మూడు రోజుల సదస్సులో నేను విన్న మాటలన్నిటిలో నాకు బాగా గుర్తుండిపోయింది ఇదే. ఆర్గానోమెటాలిక్ కెమిస్ట్రీ సదస్సులు అసలు ఎందుకు జరగాలి అన్నదానికి నా సమాధానం కూడా ఇక్కడే ఉంది.

లోహం కార్బన్‌ను నేరుగా పట్టుకుని ఉండే పదార్థాల శాస్త్రం ఇది. మన ఒంట్లో బి12 విటమిన్ చేసే పనిలో కోబాల్ట్‌కూ కార్బన్‌కూ మధ్య బంధం ఉంది. మన ఇంట్లోని చాలా ప్లాస్టిక్ డబ్బాల వెనక, బీపీ మాత్రల వెనక ఇలాంటి బంధాలే ఉన్నాయి. తయారీలో ఆ లోహం కాసేపు వచ్చి, రెండు ముక్కలను కలిపి, తప్పుకుంటుంది. ఎంత కొంచెం ఉన్నా పని జరిగిపోతుంది. చిక్కంతా అక్కడే. మనం వేశామనుకున్న లోహమే పని చేసిందో, దానితో పాటు తెలియకుండా వచ్చిన మరో లోహం చేసిందో కంటికి కనబడదు.

జర్మన్ కెమిస్టు జీగ్లర్ కథ చూడండి. 1953 నాటికి ఆయన జర్మనీలోని మ్యూల్‌హైమ్‌లో అల్యూమినియం సమ్మేళనాలతో ఇథిలీన్‌ను పొడుగాటి గొలుసులుగా మార్చే పనిలో ఉన్నారు. ఉన్నట్టుండి ఒక ప్రయోగంలో గొలుసు పెరగడం మానేసి, రెండు అణువులు కలిసిన బ్యూటీన్ దగ్గరే ఆగిపోయింది. ఆటోక్లేవ్ (అధిక పీడనాన్ని తట్టుకునే పాత్ర) లోపల మిగిలిపోయిన నికెల్ జాడలే కారణమని వెతికి పట్టుకున్నారు. నికెల్ ఇలా చేస్తే మిగతా లోహాలు ఏం చేస్తాయో అని ఒక్కొక్కటే వేసి చూశారు. టైటానియం దగ్గరికి వచ్చేసరికి, అంతవరకూ విపరీతమైన పీడనం పెడితే తప్ప రాని పాలిథిన్ మామూలు పీడనంలోనే వచ్చేసింది. ఆ పనికి 1963లో ఇటలీ కెమిస్టు నట్టాతో కలిపి నోబెల్ ఇచ్చారు. సరిగ్గా కడగని పాత్ర దగ్గర మొదలైన ప్రశ్న అది.

ఇంతకంటే నన్ను పట్టి కుదిపేది క్రోమియం కథ. జపాన్‌లో నొజాకి, హియామా బృందం కనిపెట్టిన, క్రోమియంతో కార్బన్ ముక్కలను కలిపే రియాక్షన్ కొన్నాళ్ల పాటు కెమిస్టులను ఏడిపించింది. ఒక సీసాలోని క్రోమియం క్లోరైడ్‌తో చక్కగా నడుస్తుంది, ఇంకో సీసాతో అస్సలు కదలదు. లేబుల్ అదే, తెల్లగా మెరిసే ఫ్లాస్కు అదే, చేసే చెయ్యి అదే. చివరికి 1986లో క్యోటోలో నొజాకి బృందం, హార్వర్డ్‌లో కిషి బృందం దేనికది విడిగా తేల్చిన విషయం ఒకటే: బాగా పనిచేసిన సీసాల్లో కొద్దిగా నికెల్ కలిసి ఉంది. కల్తీ అనుకున్నదే అసలు పనిమంతురాలు! అప్పటినుంచి నికెల్‌ను లెక్క ప్రకారం కావాలనే వేస్తున్నారు. 2010లో అమెరికాలో రొమ్ము క్యాన్సర్‌కు అనుమతి పొందిన ఎరిబ్యులిన్ అనే మందు తయారీలో ఈ రియాక్షన్ ఒక కీలకమైన మెట్టు. ఏ సీసా, ఏ లాట్ అని ఎవరో పట్టుబట్టి అడగబట్టే అది అక్కడిదాకా వెళ్లింది.

దీనికి ఎదురు కథా ఉంది. 2003లో లెడ్‌బీటర్ బృందం పలేడియం లేకుండానే సుజుకి కప్లింగ్ (బోరాన్ సమ్మేళనంతో కార్బన్ ముక్కలను కలిపే రియాక్షన్) జరిగిందని ప్రకటించింది. లోకమంతా పలేడియం వాడే చోట అది వద్దంటే చిన్న వార్తా? 2005లో ఆ బృందమే మళ్లీ పరీక్షించి, వాడిన సోడియం కార్బొనేట్‌లో వంద కోట్ల భాగాలకు 50 భాగాల పలేడియం ఉందని, పని చేసింది అదే కావచ్చని స్వయంగా రాసింది. కిలో వాషింగ్ సోడాలో 50 మైక్రోగ్రాములన్నమాట. తమ ఫలితాన్ని తామే దిద్దుకున్న ఆ పేపర్‌ను ప్రతి పీహెచ్‌డీ విద్యార్థి చేతా మొదటి నెలలోనే చదివించాలి.

ఇప్పుడు సదస్సుల సంగతికి వస్తాను. ఈ రంగంలో అంతర్జాతీయ సదస్సుల వరస 1963లో అమెరికాలోని సిన్సినాటిలో మొదలైంది. ఈ రంగానికి సొంత పత్రిక కూడా అదే ఏడాది వచ్చింది. అరవై ఏళ్లలో రంగం ఎంతో పెరిగింది, 2001, 2005, 2010 రసాయన నోబెల్‌లు దీనివే. సదస్సు నడిపే తీరు మాత్రం పెద్దగా మారలేదు. వేదిక మీద ముప్పావు గంట ప్రసంగం, తెరమీద అన్నిటికంటే మంచి శాతాలు, చివర బృందం ఫొటో. పోస్టర్లకు భోజనానికీ టీకీ మధ్య మిగిలిన కాస్త సమయం. ఇది తిరగబడాలని నా అభిప్రాయం. వేదిక మీది ప్రసంగం ఇంట్లో కూర్చుని వీడియోలో చూడొచ్చు, కరోనా కాలంలో అందరం చూశాం కూడా. లాట్ సంగతి అడిగే మనిషి ఎదురుపడటం మాత్రం ఆ వీడియోలో దొరకదు.

‘వివరాలన్నీ పేపర్‌కు జత చేస్తున్నారు కదా’ అంటారు. చేస్తున్నారు. ‘టీహెచ్ఎఫ్‌ను సోడియం మీద డిస్టిల్ చేసి వాడాము’ అని ఒక వాక్యం ఉంటుంది. టీహెచ్ఎఫ్ అంటే రియాక్షన్ జరిపే ద్రావణి, అందులో తడి ఉండకూడదు. వానాకాలంలో హైదరాబాద్ ల్యాబులో నిలబడి చూడండి. సోడియం ముక్కలు, బెంజోఫినోన్ వేసి మరగబెడుతుంటే ముదురు నీలం తిరగాలి. తిరిగితేనే నీరూ ఆక్సిజనూ పోయినట్టు. పొద్దున్నే వచ్చినవాడిని ‘నీలం తిరిగిందా?’ అని పలకరించేవాళ్లం. ఏ నీలం చాలు, ఏది చాలదు, నైట్రోజన్ బెలూన్ సరిపోతుందా, గాలి తగలకుండా పని చేయించే గొట్టాల అమరిక ష్లెంక్ లైన్ కావాలా, కాక్‌కు గ్రీజు ఎక్కువైతే అది ఎక్కడికి చేరుతుంది – ఇవి చెయ్యి నుంచి చేతికి వెళ్లే విషయాలు. దూరాన ఉన్న కాలేజీలో, చుట్టుపక్కల ఈ పని తెలిసినవాళ్లు ఒక్కరూ లేకుండా కష్టపడుతున్న విద్యార్థికి సదస్సే ఆ చెయ్యి. అందుకే రిజిస్ట్రేషన్ ఫీజు భరించలేక ఆ విద్యార్థి ఆగిపోవడం నాకు పెద్ద అన్యాయంగా కనిపిస్తుంది. పెద్ద హోటల్లో విందు ఒకటి తగ్గించినా ఫర్వాలేదు.

మన దగ్గర ఇంకో లోటుంది. తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ, జీడిమెట్ల, పటాన్‌చెరు వైపు బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలు – అన్నీ ఒకే ఊరి చుట్టుపక్కల. లోసార్టన్, వల్సార్టన్ లాంటి బీపీ మందుల్లో రెండు బెంజీన్ వలయాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. లోహం సాయంతో చేసే కప్లింగ్‌కు అది బడి పుస్తకం లాంటి ఉదాహరణ. పలేడియం వాడితే మందులో దాని జాడ ఎంత మిగలొచ్చన్నదానికి అంతర్జాతీయ పరిమితి ఉంది. నోటి ద్వారా తీసుకునే మందులో రోజుకు 100 మైక్రోగ్రాములు. ఆ పరిమితికి లోపల టన్నుల కొద్దీ సరుకు తీసేవాళ్లకు యూనివర్సిటీలో ఎవరికీ తెలియని విషయాలు తెలుసు. కానీ సదస్సుకు వచ్చినా వెనక వరసలో కూర్చుని, నోట్సు రాసుకుని వెళ్లిపోతారు. కంపెనీ రహస్యం.

మందు తయారుచేసే రూటు చెప్పమని ఎవరూ అడగడం లేదు. మెగ్నీషియంతో హాలైడ్‌ను (క్లోరిన్, బ్రోమిన్ లాంటివి ఉన్న కార్బన్ సమ్మేళనాన్ని) కలిపే గ్రిన్యార్డ్ రియాక్షన్‌నే తీసుకోండి. బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన ప్రతివాళ్లకూ తెలిసిన పేరు, 1912 నోబెల్. ఫ్లాస్కులో అయితే అయోడిన్ పలుకు వేసి, రంగు పోయి ద్రవం పొంగడం కళ్లతో చూస్తాం. పెద్ద స్టీలు రియాక్టర్‌లో ఏమీ కనబడదు. మొదలైందో లేదో తెలియకుండా హాలైడ్ పోస్తూ పోతే, ఆలస్యంగా ఒక్కసారే అందుకుని ఆ వేడి అదుపు తప్పుతుంది. మనుషుల ప్రాణాల మీదికి వస్తుంది. మొదట ఎంత పోసి ఆగాలి, ఉష్ణోగ్రత ఎన్ని డిగ్రీలు లేస్తే నమ్మాలి, లేవకపోతే ఏం చెయ్యాలి – ఇవి షిఫ్టు డ్యూటీలో పండిపోయిన ప్లాంట్ కెమిస్టుకు కొట్టిన పిండి. ఈ మాటలు బయటపెడితే ఏ కంపెనీకీ వ్యాపారం పోదు. వచ్చే సదస్సు నిర్వహించేవాళ్లు ఒక పూట ప్రసంగాలు తగ్గించి, ఆ సమయం ఇలాంటివాళ్లకు ఇవ్వాలి. తెలుగులో మాట్లాడతానంటే తెలుగులోనే మాట్లాడనివ్వాలి. ఆ పక్క బోర్డుల మీద ఫెయిలైన రియాక్షన్లు, వాటి కింద లాట్ నంబర్లు ఉండాలి.