జాకెట్టు ముక్కకు రిజర్వు బ్యాంకు గుర్తింపు ఇవ్వాలి

పాలిస్టర్‌ను కనిపెట్టినవారు ఎన్నడూ పేరంటానికి వెళ్లి ఉండరు. అందుకే ఆ గుడ్డ అసలు ఎందుకు పుట్టిందో వారికి చివరిదాకా తెలియలేదు. పాపం, కట్టుకోవడానికే అనుకున్నారు.

1941లో ఇంగ్లండులోని కాలికో ప్రింటర్స్ అసోసియేషన్‌లో పనిచేసే జాన్ రెక్స్ విన్‌ఫీల్డ్, జేమ్స్ టెనంట్ డిక్సన్ అనే రసాయన శాస్త్రజ్ఞులు టెరెఫ్తాలిక్ ఆమ్లాన్ని, ఇథిలీన్ గ్లైకాల్‌ను కలిపి వేడిచేసి, ఆ కరిగిన ముద్ద నుంచి దారం లాగారు. అదే టెరిలిన్. ఆ సంస్థ వృత్తి బట్టల మీద అద్దకం. యూరప్ ఆ విద్యను మచిలీపట్నం వంటి రేవుల నుంచి ఓడల్లో వెళ్లిన మన కలంకారీ గుడ్డలను చూసి నేర్చుకుంది. మనం నూలు మీద చేతి అద్దకం పంపితే వారు పెట్రోలియం దారం పంపారు. వియ్యాలవారి మర్యాదలు ఇలాగే ఉంటాయి.

మొదట్లో దాని దర్జాయే వేరు. టెరిలిన్ చొక్కా ఉతికి దండెం మీద వేస్తే ఇట్టే ఆరేది, ఇస్త్రీ పనే లేదు. పత్తి మామూలు గాలిలో తన బరువులో ఎనిమిది శాతం దాకా తేమ పట్టి ఉంచుతుంది; పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. అంటే చొక్కా పొడిగానే ఉంటుంది, తడిసేది మనిషి. మే నెలలో బెజవాడ బస్సెక్కినవారికి ఇంతకంటే వివరం అక్కర్లేదు.

ఇక జాకెట్టు ముక్క సంగతి. మీటరుకు తక్కువ, పాలిథీన్ కవరులో నాలుగు మడతలు, ఒక మూలన పసుపు మరక. కుట్టించబోతే దర్జీ రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, "కుట్టుకూలి దండగ కదమ్మా" అంటాడు. పోనీ ఇల్లు తుడుద్దామంటే నీటిని పీల్చదు, అటు నుంచి ఇటు నెడుతుంది. పొయ్యి మీది గిన్నె దించబోతే మంట తగిలి కరిగి వేలికి అంటుకుంటుంది. దాని అక్క సింథటిక్ చీర చాలా నయం. రైతులు పాతవి తెచ్చి మొక్కజొన్న చేను చుట్టూ కట్టి అడవిపందులను బెదరగొడుతున్నారు. ముక్కకు ఆ యోగమూ లేదు, పొడవు చాలదు.

అయినా చిరగదు, చివకదు, వెలవదు. శ్రావణమాసంలో పక్కవీధికి వెళ్లిన ఆకుపచ్చ ముక్క కార్తీకంలో ఎవరి నోముకో వెళితే, తాంబూలంతో పాటు అదే మరకతో తిరిగొస్తుంది. ఎవరూ వాడుకోరు, ఎవరూ వద్దనరు, తీసుకున్నవారు వీలైనంత తొందరగా ఇంకొకరికి అంటగడతారు. నోటుకు ఉండాల్సిన లక్షణాలు ఇంతకంటే ఏమున్నాయి? దీన్ని చలామణీ ద్రవ్యంగా గుర్తించాలని కోరుతున్నాను.

ప్రభుత్వానికి పాలిస్టర్ మీద చిన్నచూపు ఉందని అనుకోను. 2021 డిసెంబరు 30న పతాక నియమావళిని సవరించి, మిల్లులో నేసిన పాలిస్టర్ జెండాకూ అనుమతి ఇచ్చింది. పింగళి వెంకయ్యను కంబోడియా పత్తి మీద ఆయన చేసిన పరిశోధనకు జనం పత్తి వెంకయ్య అనేవారు. సవరణ తరువాత ఆ బిరుదును కూడా సవరించకపోవడం అధికారుల అలసత్వమే.

అమలు కష్టమేమీ కాదు. అట్టపెట్టెలో వచ్చేది పెద్ద నోటు, కవరులోది చిల్లర. ప్రతి ముక్క అంచున క్రమసంఖ్య అచ్చువేయాలి. ఒకరిచ్చిన ముక్కను మరిచిపోయి వారికే తిరిగి ఇచ్చినట్టు తేలితే జరిమానా వేయాలి. ఈ ఒక్క నిబంధనను మాత్రం వరలక్ష్మీ వ్రతం వెళ్లేదాకా ఆపి ఉంచాలి.