నిఘంటువు అద్దమేనా?

2014లో స్పానిష్ రాయల్ అకాడమీ (స్పానిష్ భాషకు ప్రామాణిక నిఘంటువు తెచ్చే సంస్థ) తెచ్చిన నిఘంటువులో ‘హితానో’కు ఉన్న అర్థాల్లో ఒకటి మోసగాడు. హితానోలంటే స్పెయిన్‌లోని రోమా ప్రజలు. వాళ్ల పూర్వీకులు శతాబ్దాల కిందట భారతదేశం నుంచి వలస వెళ్లినవాళ్లే. 2015లో హితానో సంఘాలు ఒక వీడియో విడుదల చేశాయి. పిల్లలు నిఘంటువు తెరిచి, తమ జాతి పేరుకు అక్కడున్న అర్థాన్ని చదువుకుంటారు. చదివాక వాళ్ల మొహాలు చూస్తే చాలు, వాదన అక్కర్లేదు.

అకాడమీ వాదన మనకూ తెలిసిందే: జనం వాడే మాటనే నమోదు చేస్తాం, నిఘంటువు అద్దం లాంటిది. సగం నిజమే. మాటను పుస్తకంలో కొట్టేసినంత మాత్రాన నోళ్లలోంచి పోదు. కానీ ఇది తిట్టు అని చెప్పకుండా అచ్చేస్తే, చదివే పిల్లాడికి అది ఆ జాతి లక్షణంగానే కనిపిస్తుంది. చివరికి అదే ఏడాది, ఈ వాడుక కించపరిచేదనే గమనికను అకాడమీ చేర్చింది. తీసేయడం కన్నా ఇదే మంచి పని అని నా అభిప్రాయం.

అసలు ఆ అర్థం జనం అనుభవంలోంచే పుట్టిందా? ‘స్థిరంగా ఒకచోట ఉండి పని చూసుకోండి, లేదంటే దేశం విడిచిపొండి’ అని 1499లోనే రాజశాసనం వచ్చింది. 1749లో ఒక్కసారిగా వేలమంది హితానోలను, ఆడామగా పిల్లా తేడా లేకుండా నిర్బంధించారు. ముందు ప్రభుత్వం నేరస్తులన్నది, తర్వాత భాష ఆ మాటను దాచిపెట్టుకుంది.

ఆడవాళ్ల సంగతి చెప్పేదేముంది! మగ నక్క ‘సోర్రో’ అంటే తెలివైనవాడు, ఆడ నక్క ‘సోర్రా’ అంటే వేశ్య.

చట్టమూ తక్కువ తినలేదు. 1978 నాటి స్పెయిన్ రాజ్యాంగం వికలాంగులను ‘దిస్మినుయిదోస్’ అంది, అంటే తగ్గిపోయినవాళ్లు. దాన్ని ‘వైకల్యం ఉన్న వ్యక్తులు’గా మార్చడానికి 2024 దాకా పట్టింది.

కొత్త తిట్లు పుట్టడానికి మాత్రం అంత టైమ్ పట్టదు. ‘మేనా’ అనేది ఆఫీసు ఫైళ్లలోని పొడి అక్షరాలు. పెద్దల తోడు లేకుండా వచ్చిన విదేశీ మైనర్లని దాని అర్థం. 2021 మాడ్రిడ్ ఎన్నికల్లో వోక్స్ అనే తీవ్ర మితవాద పార్టీ ఒక పోస్టర్ వేసింది: ఒక మేనాకు నెలకు 4,700 యూరోలు, మీ అమ్మమ్మ పెన్షన్ 426. ఆ పోస్టర్ మీద ముసుగేసుకున్న ఓ కుర్రాడి బొమ్మ. పోస్టర్ తీసేయించాలన్న అభ్యర్థనను కోర్టు తోసిపుచ్చింది.