పిల్లల నోట్లో పెద్దల మాటలు పెట్టి దానికి వాదోపవాద సభ అని పేరు పెట్టకండి

మా చెల్లెలి కూతురు చదివే పాఠశాలలో సాహిత్య, వాదోపవాద సంఘం ప్రారంభిస్తున్నారని ఆహ్వానం వస్తే, నిన్న సాయంత్రం ఎంతో ఆశతో వెళ్లి ఒళ్లు మండిపోయి తిరిగి వచ్చాను. సెల్‌ఫోన్ విద్యార్థికి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది చర్చాంశం. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. ఆరుగురి ప్రసంగాలనూ ఒకే ఉపాధ్యాయురాలు రాసి ఇచ్చారని పిల్లలే నాతో చెప్పారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె తన వంతు అప్పజెప్పిన తరువాత, అవతలి పక్షం అబ్బాయి అన్న ఒక మాటకు జవాబు చెప్పబోయింది. "రాసిచ్చింది అయిపోయింది కదమ్మా, ఇక వెళ్లి కూర్చో" అంటూ ఆ పిల్ల చేతిలోని మైకు తీసేసుకున్నారు. అక్కడితో ఆగి ఉంటే ఈ పోస్టు రాసేదాన్ని కాదు. చివర్లో కరస్పాండెంటు గారు లేచి, నూరేళ్ల కిందట మన హైస్కూళ్లలో ఇలాంటి సంఘాలే ఉండేవనీ, ఆ సంప్రదాయాన్ని తాము పునరుద్ధరిస్తున్నామనీ ప్రకటించి చప్పట్లు కొట్టించుకున్నారు. ఆ సాయంత్రం మొత్తంలో ఒకే ఒక్క క్షణం నిజమైన వాదన మొదలైంది. దాన్ని ఆపించినవాళ్లే ఆ సంప్రదాయానికి వారసులమని చెప్పుకోవడం నాకు భరించరానిదిగా తోచింది.

ఆ సంఘాలు ఏమిటో తెలియకుండా వాటి పేరు వాడుకోవడం అన్యాయం. ఇరవయ్యో శతాబ్దం తొలి రెండు దశాబ్దాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ హైస్కూలు ఎలా ఉండేదో ఒకసారి తలచుకోండి. పై ఫారాల్లో, అంటే పై తరగతుల్లో, చదువంతా ఇంగ్లీషులోనే సాగేది. చరిత్ర అయినా, గణితం అయినా పరాయి భాషలో బట్టీ పట్టి అప్పజెప్పవలసిందే. మెట్రిక్యులేషను, ఆ తరువాత దాని స్థానంలో వచ్చిన ఎస్.ఎస్.ఎల్.సి., పిల్లవాడి బతుకును తేల్చే గండాలుగా ఉండేవి. అంతటి బిగువులో పాఠ్యపుస్తకం పక్కన పెట్టి, తనకు తోచినదాన్ని తన మాటల్లో చెప్పుకోవడానికి విద్యార్థికి దొరికిన చోటు ఆ సంఘమే. ప్రధానోపాధ్యాయుడో, సహాయ ఉపాధ్యాయుడో అధ్యక్ష స్థానంలో కూర్చున్నా, కార్యదర్శి పని విద్యార్థిది. కిందటి సమావేశపు మినిట్స్, అంటే జరిగినదాని రాత నమోదు, చదివి ఆమోదం పొందాలి. ఒకరు తీర్మానం ప్రతిపాదించాలి, ఒకరు బలపరచాలి, ఒకరు వ్యతిరేకించాలి, తరువాత సభలో ఎవరైనా లేచి మాట్లాడవచ్చు, చివరన ప్రతిపాదించిన వ్యక్తి అందరికీ సమాధానం చెప్పుకోవాలి, ఆపైన ఓటు. వాదోపవాద సభ ప్రాణమంతా ఆ చివరి సమాధానంలో ఉంటుంది. ఎదుటివాడు ఏమంటాడో ముందుగా తెలియదు కాబట్టి దాన్ని ఎవరూ రాసి ఇవ్వలేరు. నిన్న ఆ అమ్మాయి లేచి చెప్పబోయింది సరిగ్గా అదే.

ఇదంతా పిల్లల కాలక్షేపం అనేవాళ్లకు ఒక సంగతి గుర్తు చేస్తాను. పాఠశాల సంఘాల కన్నా ముందు తరంలో మద్రాసులో ట్రిప్లికేన్ లిటరరీ సొసైటీ ఉండేది. భారతీయుడైన ముత్తుస్వామి అయ్యర్ హైకోర్టు న్యాయమూర్తి కావడాన్ని ఇంగ్లీషువాళ్లు నడిపే ఆంగ్లో ఇండియన్ పత్రికలు ఎద్దేవా చేస్తే, ఆ సొసైటీలో తిరుగుతున్న ఆరుగురు యువకులు ఒకటీ ముప్పావు రూపాయి అప్పు చేసి, 1878 సెప్టెంబరు 20న ఎనభై ప్రతులతో ది హిందూ పత్రికను మొదలుపెట్టారు. ఇద్దరు ఉపాధ్యాయులు, నలుగురు న్యాయశాస్త్ర విద్యార్థులు. ఆ నలుగురిలో ఒకరు మన న్యాపతి సుబ్బారావు పంతులు. రాజమండ్రిలో ఆయన పేరు వినని ఇల్లు ఒకప్పుడు ఉండేది కాదు. కట్టమంచి రామలింగారెడ్డి ముసలమ్మ మరణం రాసింది కూడా మద్రాసు క్రైస్తవ కళాశాలలోని ఆంధ్ర భాషాభిరంజని సంఘం పెట్టిన కావ్య పోటీ కోసమే. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు నిండలేదు. అదే యువకుడు తరువాత ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జి యూనియన్ వాదోపవాద సభకు ఉపాధ్యక్షుడయ్యారు. ఇవి కళాశాల ముచ్చట్లే, ఒప్పుకుంటాను. కానీ పదిమంది ఎదుట లేచి నిలబడే ధైర్యం కళాశాల గేటు దగ్గర ఎవరూ పంచిపెట్టరు. హైస్కూలు బెంచీ మీద గొంతు వణికిన పిల్లవాడికే అది తరువాత అబ్బుతుంది.

ఆ సభల్లో మరొక గుణం ఉండేది. దాని గురించి ఎవరూ మాట్లాడకపోవడం నన్ను మరింత బాధిస్తుంది. అక్కడ ఓడిపోయిన పక్షం మాట కూడా పుస్తకంలోకి ఎక్కేది. తీర్మానానికి అనుకూలంగా ఎందరు, వ్యతిరేకంగా ఎందరు, ఎవరు ఏ కారణం చెప్పారు అన్నది రాసి పెట్టేవారు. కాదన్నవాడు శత్రువు కాడనీ, వాడి మాట కూడా రేపటికి మిగలాలనీ పిల్లలకు అలవాటు చేసిన పద్ధతి అది. విజయనగరంలో ఆనంద గజపతి డిబేటింగ్ క్లబ్బుకు ఉపాధ్యక్షుడిగా ఉన్న గురజాడ అప్పారావు, పాఠశాల తెలుగు గ్రాంథికంలో ఉండాలా, వాడుక భాషలో ఉండాలా అన్న వివాదంలో మద్రాసు విశ్వవిద్యాలయ సంఘం మెజారిటీ తనకు ఎదురు తిరిగినప్పుడు, 1914లో తన అసమ్మతిని ఒక పెద్ద పత్రంగా రాసి ఇచ్చారు. ఆనాడు ఓటులో నెగ్గింది గ్రాంథికం. ఈనాడు మనం చదువుకుంటున్నది అసమ్మతి పత్రం రాసినవారి తెలుగులో. పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు కూడా పండిత సభల్లో ఎన్నిసార్లు ఎదురు నిలబడ్డారో తెలుగు చదువుకున్న ప్రతివారికీ తెలుసు. ఓడిపోయిన మాటను దాచి ఉంచే పద్ధతి లేకపోతే మన భాష చరిత్రే వేరుగా ఉండేది.

ఇప్పుడు క్రమశిక్షణ సంగతికి వస్తాను, ఎందుకంటే నిన్న నేను అడిగినప్పుడు నాకు దొరికిన జవాబు అదే. "పిల్లలకు స్వేచ్ఛ ఇస్తే ఏం మాట్లాడతారో తెలియదండీ, తల్లిదండ్రులు గొడవ చేస్తారు" అన్నారు. ఈ భయం కొత్తది కాదు. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ప్రసంగిస్తే, చిలకమర్తి లక్ష్మీనరసింహం వాటిని తెలుగులో వినిపిస్తే, ట్రెయినింగ్ కళాశాల విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు వెళ్లారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ వాటిని తీయమంటే తీయలేదు. వారిలో ఒకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావును కళాశాల నుంచి వెళ్లగొట్టి, సర్కారు కొలువుకు అనర్హుడని తేల్చారు. మరుసటి ఏడాదే స్వరాజ్య పత్రికలో వచ్చిన సంపాదకీయానికి ఆయన జైలు పాలయ్యారు. ఆ 1907లోనే భారత ప్రభుత్వ కార్యదర్శి రిస్లీ పేరుతో ఒక ఉత్తర్వు వచ్చింది. విద్యార్థులు, ఉపాధ్యాయులు రాజకీయ సభలకు దూరంగా ఉండాలనీ, మాట వినని పాఠశాలలకు గ్రాంటులు, గుర్తింపు పోతాయనీ దాని సారాంశం. ఒక సామ్రాజ్యం పదిహేను, పదహారేళ్ల పిల్లల మాటకు అంతగా బెదిరింది. అయినా సంఘాలు చచ్చిపోలేదు. స్త్రీ విద్య, వితంతు వివాహం, బాల్య వివాహం వంటి విషయాలు ఇళ్లలో నిప్పు రాజేస్తున్న కాలం అది. రాజకీయం అనకుండానే ఊరినంతా కుదిపే ప్రశ్నలు పిల్లల చేతికి అందుబాటులోనే ఉండేవి. ఈరోజు మనకు ఏ రిస్లీ ఉత్తర్వు పంపాడు? ఏ గ్రాంటు ఆగిపోతుందని మనం మన పిల్లల నోరు నొక్కుతున్నాం? పరాయి దొర అధికారంతో చేయబోయిన పనిని మనవాళ్లు ఫీజులు తీసుకుని చేస్తున్నారు.

ఆ కాలం అంతా బంగారమని నేను అనడం లేదు, అనలేను. ఆ హైస్కూలు సంఘాల్లో కూర్చున్నవాళ్లు దాదాపు అందరూ మగపిల్లలే, అందులోనూ ఎక్కువమంది పై కులాల పిల్లలే. స్త్రీ విద్య మంచిదా కాదా అని గంటల తరబడి వాదించుకున్న సభల్లో చదువుకునే ఆడపిల్ల కనిపించదు. అందుకే రచయిత్రి భండారు అచ్చమాంబ వంటివారు తమ సభను తామే కట్టుకోవలసి వచ్చింది. 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి ఆమె బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించారు. ఊరూరా తిరిగి స్త్రీల ఎదుట మాట్లాడారు. 1905లో కన్నుమూసే నాటికి ఆమెకు ముప్పై ఒకటో ఏడు కూడా దాటలేదు. ఇంత దూరం నడిచి వచ్చిన తరువాత, ఒక ఆడపిల్ల తన సొంత ఆలోచనతో జవాబు చెప్పడానికి లేచి నిలబడితే ఆ మైకు లాక్కున్నారు. నాకు అన్నిటికంటే ఎక్కువగా గుచ్చుకున్నది ఇదే. ఆ పిల్లను నేలమీద పడుకోబెట్టి ఈత నేర్పుతున్నారు, నీళ్లలోకి దూకబోతే జుట్టు పట్టి లాగుతున్నారు.

ఇంత రాశాక ఎన్నో ఏళ్లుగా మనసులో రగులుతున్న మరో మాట కూడా చెప్పకుండా ఉండలేను. నేను చదివిన హైస్కూలు కూడా ఆ కాలంలో పుట్టిందే. మేము పదో తరగతిలో ఉన్నప్పుడు మా తెలుగు మాస్టారు బీరువాలోంచి పాత లిటరరీ అసోసియేషన్ మినిట్స్ పుస్తకాలు తీసి మాకు చూపించారు. ఇంగ్లీషు చేతిరాత, కొన్ని చోట్ల తెలుగు. తీర్మానం, ప్రతిపాదించిన కుర్రవాడి పేరు, వాడి ఫారం, ఓట్ల లెక్క, కింద కార్యదర్శి సంతకం. ఆ కార్యదర్శి మా వయసువాడే. కొన్నేళ్ల తరువాత శత జయంతి వచ్చింది. అంతకు ముందు గదులకు రంగులు వేయించడానికి బీరువాలు ఖాళీ చేసి, ఆ పుస్తకాలన్నిటినీ పాత కాగితాల కింద తూకానికి అమ్మేశారు. విరాళాలతో గొప్పగా అచ్చు వేసిన సంచికలో నాయకుల శుభాకాంక్షలు, దాతల ఫొటోలు, భవనాల చిత్రాలు ఉన్నాయి. ఆ పాఠశాలలో ఒకప్పుడు పిల్లలు సభ నడిపారన్న ఒక్క వాక్యం లేదు. ఊరి చరిత్రలో జమీందారు ఇచ్చిన స్థలానికి శిలాఫలకం ఉంటుంది. ఆ స్థలంలో ఆరో ఫారం కుర్రవాడు ఏం వాదించాడో తెలిపే ఒకే ఒక్క ఆధారాన్ని మన చేతులతో మనమే పొట్లాల కాగితం చేశాం. ఆ రోజు సంచిక సంపాదకవర్గంలోని పెద్దలను అడిగితే, అవి పిల్లల పుస్తకాలు కదా అన్నారు. నిన్న అమ్మాయి చేతిలోని మైకు తీసుకున్నవారిదీ, ఆ పెద్దలదీ ఒకటే మనసు. పిల్లలు అన్నదాన్ని వినడానికీ, దాచడానికీ తగినదిగా వాళ్లు ఎన్నడూ ఎంచలేదు.

ఆ సంప్రదాయాన్ని నిజంగా పునరుద్ధరించాలనుకునే పాఠశాలలకు ఖర్చేమీ లేదు. విషయం పిల్లలు ఎంచుకోవాలి, కార్యదర్శిని పిల్లలు ఎన్నుకోవాలి, ప్రసంగం పిల్లలు రాసుకోవాలి, జవాబు చెప్పే హక్కు ఇవ్వాలి, ఓటు లెక్కించాలి, జరిగినదంతా ఒక పుస్తకంలో పిల్లల చేతే రాయించి బీరువాలో పెట్టాలి. మొదటి సమావేశాల్లో తప్పులు దొర్లుతాయి, తగవులు వస్తాయి, ఒకరిద్దరు ఏడుస్తారు. ఉపాధ్యాయులు అక్కడ ఉండవలసింది అందుకే. ఇది చేయలేని పాఠశాలలు తమ కార్యక్రమాన్ని కంఠస్థ ప్రసంగాల పోటీ అని పిలుచుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు.

ఇక ఇది చదువుతున్న పాత విద్యార్థులకు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులకు నా విన్నపం. మీ హైస్కూలు స్టోరు గదిలో, మీ తాతగారి ట్రంకు పెట్టెలో అలాంటి మినిట్స్ పుస్తకమో, చేతిరాత పత్రికో, సంఘం నియమావళో మిగిలి ఉంటే, రంగులు వేసేవాళ్లు రాకముందే బయటికి తీయండి. ప్రతి పేజీ ఫొటో తీయండి. అసలు పుస్తకాన్ని 1918 నుంచి పాత పత్రికలను కాపాడుతూ వస్తున్న వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయానికి అప్పగించి రసీదు తీసుకోండి. పాఠశాల వాళ్లు ఇచ్చేది లేదంటే రాతపూర్వకంగా అడగండి. అమ్మేశామంటే ఎప్పుడు, ఎవరి అనుమతితో అమ్మారో కూడా రాతపూర్వకంగానే అడగండి.