బాట్ బీడీ మాన్పిస్తుందా? ఆ ఫార్వర్డ్ మెసేజ్‌కు జవాబు

కర్నూలు, ఆదోని, నంద్యాల వాట్సాప్ గ్రూపుల్లో వారం నుంచి ఒకటే మెసేజ్ తిరుగుతోంది. "డాక్టరొద్దు, మందొద్దు. ఏఐ చాట్‌బాట్‌తో మాట్లాడండి, 21 రోజుల్లో సిగరెట్, బీడీ బంద్. 90 శాతం సక్సెస్. మీ గొంతు విని మనసు చదువుతుంది. నికోటిన్ గమ్ ముట్టుకోకండి, అదీ క్యాన్సరే. ఆస్తమా, షుగర్ ఉన్నవాళ్లు కూడా ఎవరినీ అడగకుండా మొదలుపెట్టొచ్చు. ఒక్క దమ్ము లాగినా లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచే. 24 గంటలూ ఉచితం." పంపేవాళ్లంతా మంచి చేస్తున్నామనుకునే పంపుతున్నారు. ఇంక ఊరుకోలేక ఇది రాయాల్సి వచ్చింది.

ముందు ఆ 90 శాతం సంగతి చూద్దాం. వందమంది బాట్ మొదలుపెట్టారనుకోండి. 70 మంది వారంలోనే దాన్ని తెరవడం మానేశారు. మిగిలిన 30 మందిని అడిగితే 27 మంది "మానేశాం" అన్నారు. ప్రకటనలో అది 90 శాతమవుతుంది. పరిశోధన సరిగ్గా చేసేవాళ్లు జవాబివ్వని 70 మందినీ తాగుతున్నవాళ్ల కిందే రాస్తారు. అప్పుడు మిగిలేది 27. ఒట్టి మాట మీద వదిలెయ్యరు కూడా. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడో, ఉమ్మిలో కోటినినో (నికోటిన్ ఒంట్లో మారి ఏర్పడే పదార్థం) చూస్తారు, అదీ ఆరు నెలలకు. నోరు పీకడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం మొదటి మూడు రోజుల్లో బాగా ఉండి, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. ఆ తర్వాత ఏ పెళ్లిలోనో, చావింట్లోనో ఎవరో ఒకటి చేతిలో పెడతారు. మనిషి జారేది అక్కడ. 21 రోజుల లెక్కలో ఆ రోజులు లేవు.

మనసు చదవడం ఉత్త కబురు.

బీడీ, సిగరెట్ మానడానికి నమిలే నికోటిన్ గమ్ క్యాన్సర్ అన్న మాట మాత్రం మనుషుల ప్రాణం తీసే మాట. క్యాన్సర్ తెచ్చేది కాలిన ఆకు పొగ. నికోటిన్ చేసేది అలవాటు పడేలా చేయడం. 2009 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్న మందును ముట్టుకోవద్దని ఏ ధైర్యంతో పంపుతున్నారు? గమ్‌కే అలవాటు పడేవాళ్లు కొందరుంటారు, నిజమే. అయినా పొగతో పోలిస్తే ఆ ప్రమాదం ఎక్కడ?

గమ్ పనిచేయలేదనేవాళ్లలో చాలామంది దాన్ని బబుల్‌గమ్‌లా నమిలేస్తారు. అలా నమిలితే నికోటిన్ ఉమ్మితో కడుపులోకి పోతుంది, కాలేయంలో చాలావరకు ఖర్చయిపోతుంది. మిగిలేవి ఎక్కిళ్లు, గుండెలో మంట. మిరియం కొరికినట్టు చురుక్కుమనేదాకా మెల్లగా నమిలి, చిగుళ్లకూ బుగ్గకూ మధ్య పెట్టి ఆపాలి. చురుకు తగ్గాక మళ్లీ నాలుగు నమలాలి, ఈసారి రెండోవైపు పెట్టాలి. ఒక్కో గమ్ అరగంట. టీ, కాఫీ, నిమ్మకాయ సోడా తాగాక 15 నిమిషాలు ఆగాలి, లేకుంటే ఆ పులుపుకు నోట్లోంచి నికోటిన్ ఎక్కదు. మొదటి ఆరు వారాలు మెలకువగా ఉన్నంతసేపూ గంటకో రెండు గంటలకో ఒకటి. రోజుకు ఒకటో రెండో వేసుకుంటే పెద్దగా లాభం ఉండదు. లేచిన అరగంటలోపే మొదటి బీడీ ముట్టించేవాళ్లకు 4 మిల్లీగ్రాములది కావాలి, దానికి డాక్టరు చీటీ ఉండాలి. మిగతావాళ్లకు 2 మిల్లీగ్రాములది చాలు. గర్భిణులు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు అడిగాకే వాడాలి.

"ఎవరినీ అడగకుండా" అన్నది రెండో ప్రమాదం. పొగలోని పదార్థాలు కాలేయం కొన్ని మందుల్ని త్వరగా ఖర్చు చేసేలా చేస్తాయి. పొగ ఆగితే ఆ వేగం కొద్ది రోజుల్లోనే తగ్గుతుంది. ఆయాసానికి డెరిఫిల్లిన్ వేసుకునే పెద్దాయన బీడీ మానేసి అదే మోతాదు వేసుకుంటూ పోతే, అందులోని థియోఫిలిన్ ఒంట్లో పేరుకుంటుంది. గుండె దడ, వాంతులు, చేతుల వణుకు. ఆయన ఏమనుకుంటాడు? "బీడీ మానేసినందుకే ఇట్లయింది" అని మళ్లీ ముట్టిస్తాడు. మానసిక జబ్బుకు వాడే క్లోజపిన్, ఓలాంజపిన్‌లకూ ఇదే లెక్క. షుగర్‌కు ఇన్సులిన్ వేసుకునేవాళ్లు రీడింగులు ఎక్కువసార్లు చూసుకోవాలి. మానొద్దని కాదు, మానే తేదీ డాక్టరుకు ముందే చెప్పి మోతాదు సరిచూపించుకోవాలి. టీ కూడా సగానికి తగ్గించాలి. అవే నాలుగు టీలు తాగితే ఒంట్లో కెఫీన్ దాదాపు రెట్టింపు నిలుస్తుంది, ఆ దడను కూడా బీడీ మానిన బాధే అనుకుంటారు.

ఒక్క దమ్ముకే లెక్క సున్నా చేస్తే, పాపం, పన్నెండు రోజులు నిలబడ్డ మనిషి "ఎట్లాగూ పోయింది కదా" అని కట్ట మొత్తం కాల్చేస్తాడు. జారినరోజు అడగాల్సినవి రెండే: ఎక్కడ, ఎవరితో? గమ్ ఆపకుండా మరుసటి పూట నుంచే కొనసాగించాలి.

బాట్లకు మన బీడీల లెక్క తెలియకపోవడం ఇంకో చిక్కు. "రోజుకు ఎన్ని సిగరెట్లు?" అని అడిగితే కట్ట బీడీలు తాగే ఆయన "సున్నా" అని కొడతాడు. దాంతో అది తక్కువ అలవాటని తేల్చేస్తుంది. విదేశీ రాతలు చదివిన బాటయితే వేప్ వాడమని చెప్పొచ్చు. మన దేశంలో ఈ-సిగరెట్లు 2019 నుంచి నిషేధం.

24 గంటలూ ఉంటుందన్న మాట మాత్రం మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. పొగాకు మానడానికి సాయపడే ప్రభుత్వ ఫోన్ సేవ, క్విట్‌లైన్ 1800-11-2356లో తెలుగులో మాట్లాడేవాళ్లున్నారు, కానీ పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకానే, సోమవారం సెలవు. నోరు పీకడం ఒక్కోసారి మూడు నుంచి ఐదు నిమిషాలుంటుంది. బాట్‌కు నాలుగు మాటలు టైపు చేసేలోపు అది దాటిపోవచ్చు. భార్యకు, డాక్టరుకు చెప్పడానికి సిగ్గుపడేవాళ్లు దానికి చెప్పుకుంటారు, అడిగిందే నలభైసార్లు అడిగినా అది విసుక్కోదు. 2024 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఏఐ సాయానికి చోటుంది, మిగతా చికిత్సకు తోడుగానో, తమంతట తాము మానాలనుకునేవాళ్లకు సాధనంగానో. మందులొద్దని అందులో లేదు, మందులూ వాడమనే ఉంది.

కాబట్టి మొదటి మెసేజ్‌లోనే బాట్‌కు చెప్పండి: రోజుకు ఎన్ని బీడీలో, లేచిన ఎన్ని నిమిషాలకు మొదటిదో, మానే తేదీ ఎప్పుడో. గమ్ వేళలు గుర్తుచేయమనండి. మాత్రల మోతాదు మాత్రం అడగొద్దు. సోమవారం రాత్రి పదకొండింటికి నోరు పీకితే బాట్ తెరవండి. మంగళవారం పొద్దున ఎనిమిదికి క్విట్‌లైన్ నంబరుకు ఫోన్ చేయండి.