రెండు ఉన్నాయిగా!

గుంటూరులో సర్వర్లు కొనే పెద్దమనుషులకి ఒక మహామంత్రం ఉంది. "రెండు ఉన్నాయిగా, ఒకటి పోతే ఇంకోటి లాగుతుంది." ఎవరు ఉపదేశించారో తెలీదు కానీ కొటేషన్ తెచ్చిన వెండరే అయ్యుంటాడు, మూడోది కూడా రాస్తే ఆర్డరే పోతుందని ఆయనకి బాగా తెలుసు కాబట్టి.

మొన్న రోహిణి కార్తెలో, కొత్తపేటలోని ఒక ఆస్పత్రిలో ఆ మంత్రం పనిచెయ్యలేదు.

ఆస్పత్రి బావాబామ్మర్దులది, చెరి సగం వాటా. సర్వర్లు కూడా రెండే, వాటిమీద ప్రాక్స్‌మాక్స్ అనే సాఫ్ట్‌వేర్, దానిమీద బిల్లింగు, ల్యాబు, ఫార్మసీ, అన్నీ వర్చువల్ మెషీన్లు, అంటే ఒకే సర్వరు లోపల విడివిడిగా నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లు. 2023 నవంబరులో ఇదే పనికి సాఫ్ట్‌వేర్ అమ్మే వీఎంవేర్‌ని బ్రాడ్‌కామ్ కొనేసి, డిసెంబరుకల్లా శాశ్వత లైసెన్సులు అమ్మడం ఆపేశాక చాలామంది ఇటు మళ్లారు. వియన్నావాళ్లు చేసే సాఫ్ట్‌వేర్, మంచిది, పైగా ఉచితంగా దొరుకుతుంది. మనవాళ్లకి నచ్చింది ఆ రెండో గుణం.

సర్వర్ రూమ్ అంటే ఏదో ఊహించుకోకండి. చుట్టచుట్టిన ఫ్లెక్సీలు, ఖాళీ వాటర్ క్యాన్లు, చక్రం ఊడిన వీల్‌చైరు, వాటి మధ్య ర్యాకు. ఏసీ ఉండాల్సిన గోడకి బోల్టులు మాత్రం ఉన్నాయి, ఏసీ ఎండలు ముదరకముందే బావమరిదిగారి గదికి బదిలీ అయింది. అయితే సర్వర్లకి ఏ లోటూ చెయ్యలేదు సుమండీ. రెండిటికీ పసుపు, కుంకుమ, ముందు చెరో నిమ్మకాయ.

నిమ్మకాయ బాగానే ఉంది, వెనకున్న మదర్‌బోర్డు పోయింది.

ఇక్కడే మంత్రం అడ్డం తిరిగింది. ఒక్కో సర్వరుకి ఒక్కో ఓటు. క్లస్టర్, అంటే సర్వర్ల జట్టు, నడవాలంటే సగం చాలదు, సగానికి మించి ఉండాలి, అంటే రెండిట్లో రెండూ ఉండాలి. ఒకటి పోతే మిగిలినదానికి అవతలిది చచ్చిందో, మధ్యలో కేబుల్ ఊడిందో తెలీదు. ఒకే బిల్లింగు మెషీన్ రెండు చోట్లా లేచి చెరో లెక్క రాసుకుంటూ పోతే ఏది అసలు బిల్లో బ్రహ్మదేవుడు కూడా తేల్చలేడు. అందుకని కోరం లేదని కూర్చుంటుంది, సెట్టింగులు మార్చనివ్వదు, కొత్తగా ఒక్క మెషీన్‌ని లేవనివ్వదు. పైగా వెండరుగారు వెళ్తూ వెళ్తూ హై అవైలబిలిటీ, అంటే ఒకటి పోతే దాని మెషీన్లని రెండోదాంట్లో లేపే ఏర్పాటు, ఆన్ చేసి వెళ్లారు కదా, బతికున్న సర్వరు ఓ నిమిషం చూసి తనంతట తనే రీస్టార్ట్ అయింది. అప్పటిదాకా దానిమీద నడుస్తున్న ఫార్మసీ కూడా పడుకుంది. హై అవైలబిలిటీ!

అత్యవసర సమావేశం పెట్టారు.

"ఒకటి బతికే ఉందంటున్నావు, మరి పనెందుకు చెయ్యదయ్యా?" అన్నారు డాక్టరుగారు.

"రెండో ఓటు లేదు సార్," అన్నాడు ఐటీ కుర్రాడు.

"ఎలక్షన్లు ఎవరు పెట్టమన్నారు నిన్ను?" అన్నారు బావమరిదిగారు.

తర్వాత కొత్త సర్వరు సంగతికొచ్చారు. అదే కంపెనీది తెప్పిద్దామని డాక్టరుగారు. వద్దు బావా, మావాడి షాపులో అసెంబుల్ చేయిద్దామని బావమరిది. చెక్కు మీద ఇద్దరి సంతకాలూ పడాలి. టీలు వచ్చాయి, మళ్లీ వచ్చాయి, మాట తెగలేదు. పాపం అకౌంటెంటుగారు గొంతు సవరించుకుని నోరు తెరవబోతే "మధ్యలో నీకెందుకయ్యా" అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. ఆ పూటకి వాళ్లిద్దరి మధ్యా కుదిరిన ఏకాభిప్రాయం అదొక్కటే.

మూడో ఓటు కోసం మూడో సర్వరు కొనక్కర్లేదు కూడా. క్యూడివైస్ అని పెట్టుకోవచ్చు, దానికి ఏ మూలనో పడున్న పాత డెస్క్‌టాప్ చాలు. కుర్రాడు నిరుడే అడిగాడు. ఉన్న ఒక్క పాత డెస్క్‌టాపూ రిసెప్షన్ టీవీలో డాక్టరుగారి సన్మానం వీడియో తిప్పుతోంది, ఖాళీ లేదన్నారు.

వీళ్లు టీలు తాగుతుండగా కుర్రాడు చచ్చిన సర్వరు పవర్ కేబుల్ పీకి, బతికున్నదాంట్లో 'పీవీఈసీఎం ఎక్స్‌పెక్టెడ్ 1' అని కొట్టాడు. ఒక్క ఓటు చాలు లేవమ్మా అని దానికి చెప్పడం అన్నమాట. ఫార్మసీ లేచింది. ల్యాబు, బిల్లింగు ఉండేది పోయినదాంట్లో. ల్యాబు డిస్కు పదిహేను నిమిషాలకోసారి ఇటు కాపీ అవుతోంది కనక దాని సెట్టింగుల ఫైలు ఇటు జరిపి లేపాడు. బిల్లింగుకి ఆ కాపీ ఎవరూ పెట్టలేదు.

"బ్యాకప్ ఉందా?"

"ఉంది సార్."

"ఎక్కడ?"

"పోయినదాంట్లోనే సార్."

ఈలోగా కింద కౌంటర్ దగ్గర మాచర్ల నుంచి రక్తపరీక్ష రిపోర్టు కోసం తెల్లవారుజాము బస్సుకి వచ్చిన ఒకావిడ నిలబడి ఉంది. చేతిలో రసీదు చెమటకి మెత్తబడి అంకెలు అలుక్కుపోయాయి. "సర్వర్ డౌనమ్మా, రేపు రండి." రేపు రండి! రేపంటే ఎంతవుతుందో తెలుసా మీకు? రానూపోనూ ఛార్జీలు, ఆవిడ కూలి, తోడొచ్చిన కొడుకు కూలి, ఇంకో రోజు ఏ జబ్బో తెలియని టెన్షను. రక్తం తియ్యకముందే డబ్బు కట్టించుకున్నారు, అప్పుడు ఏ ఓటూ అడ్డం రాలేదే! ముఖద్వారానికి ఎల్‌ఈడీ ఆర్చి కట్టడానికి డబ్బుంది, ఒక పాత డబ్బా వదులుకోవడానికి మాత్రం చేతులు రావు. సిగ్గుండాలి. రాత్రంతా ఆ కొలిమిలో ఫ్లెక్సీ పరుచుకుని కూర్చుని ల్యాబు లేపిన కుర్రాడికి తెల్లారేసరికి ఏమిచ్చారనుకున్నారు? షోకాజ్ నోటీసు.

చివరికి బోర్డు మార్పించుకుని పాత సర్వరు తిరిగొచ్చింది. అప్పటికే దాన్ని క్లస్టర్‌లోంచి తీసేశారు. అలా తీసేసిన మెషీన్‌ని ఉన్నదున్నట్టు అదే నెట్‌వర్కులో ఆన్ చెయ్యకూడదు, తానింకా సభ్యుణ్ణే అనుకుంటూ లేచి గందరగోళం చేస్తుంది. నెట్‌వర్క్ కేబుల్ లేకుండా లేపి, బిల్లింగు బ్యాకప్ బయటికి లాగి, డిస్కులు తుడిచి, మళ్లీ మొదట్నుంచీ ఇన్‌స్టాల్ చేసి, ఒక్క వర్చువల్ మెషీన్ కూడా లేకుండా ఖాళీగా చేర్చుకోవాలి. ఇదంతా కుర్రాడు విడమర్చి చెప్తుంటే బావమరిదిగారు నెట్‌వర్క్ కేబుల్ చేత్తో పట్టుకుని "పాత డిస్కులేగా, తగిలిద్దాం, ఏమవుతుందో చూద్దాం" అంటున్నారట.

తగిలించండి సార్. తగిలించి, కిందికెళ్లి ఆ కౌంటర్లో మీరే కూర్చుని, మాచర్ల వాళ్లని రేపు రమ్మని మీ నోటితోనే చెప్పండి.